ఉప్పుగడ్డిలో గూడు

మేరీలాండ్ తీరంలో మా ఊరి చివర రోడ్డు ఆగిపోతుంది. అక్కడి నుంచి అంతా ఉప్పుగడ్డే. సముద్రం పోటొస్తే మునుగుతుంది, పోటు తీస్తే తేలుతుంది. పిచ్చుకంత నల్ల నీటికోడి ఒకటి ఆ గడ్డిలో ఉందని అందరం అనుకునేవాళ్ళం. కంటితో చూసినవాళ్ళు మాత్రం లేరు. ఇంతలో అక్కడ మట్టిపోసి విల్లాలు కడతామని ఒక కంపెనీ వచ్చింది. దాన్ని ఆపాలంటే పక్షి అరుపు విన్నామంటే కుదరదట. గూడు చూపించాలట.

జూన్‌లో ఒక మబ్బు సాయంత్రం ఎల్డ్రిడ్జ్ నన్ను తన పడవలో తీసుకెళ్ళాడు. పీతలు పట్టే మనిషి. మా పక్కింట్లో ఒంటరిగా ఉంటాడు.

"దొరికితే వేపుకుందామా, కోరిన్?"

"ముందు నిన్ను వేపుతారు."

అతన్ని పడవలోనే ఉంచి గడ్డిలోకి దిగాను. చిన్న స్పీకర్లో పక్షి అరుపు వినిపించి ఆపేశాను. కుళ్ళిన గుడ్ల వాసన. బురదలో బుడగలు చిట్లుతున్న చప్పుడు. చాలాసేపటికి దగ్గర్లోనే బదులొచ్చింది... కీ కీ క్రూ.

వంగి గడ్డి పాయలు విడదీశాను. పచ్చి గడ్డితోనే అల్లిన, చిన్న గుడిసెలాంటి గూడు. లోపల చుక్కల గుడ్లు. ముట్టుకోకుండా ఫోటో తీశాను.

అప్పుడే పొగమంచు కమ్మింది. పక్షి అరుపు ఆగిపోయింది. నా వెనక ఎవరో ఊపిరి పీల్చారు.

"కోరిన్..."

అది నా గొంతే.

తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఒళ్ళు జలదరించింది... అంతే. చలి పోయింది. భయం కూడా పోయింది. నడిచొచ్చి పడవెక్కాను.

"దొరికిందా?"

"ఆఁ."

ఎల్డ్రిడ్జ్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. గడ్డిలోంచి కేక వినిపించింది.

"ఎల్డ్రిడ్జ్... ఆగు. నీళ్ళొచ్చేస్తున్నాయి."

అతను ఇంజన్ ఆపేశాడు. నా మొహంలోకి చూశాడు.

"నువ్వేనా?" గుసగుసగా అడిగాడు.

"నేను నోరు తెరవలేదు."

"నన్నొదిలి పోకు..." మళ్ళీ అటునుంచే. ఏడుస్తోంది.

"పోనియ్," అన్నాను. నాకు జాలి కలగలేదు.

అతను పోనిచ్చాడు. దారంతా నా వైపు చూడలేదు.

గూడు ఫోటో చూపించాక కంపెనీ వెళ్ళిపోయింది. ఊరంతా పీతలు ఉడకబెట్టి పండగ చేసుకున్నారు. నేనూ తిన్నాను. రుచి తెలియలేదు. అప్పటి నుంచి ఆకలీ లేదు, నిద్రా లేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలనీ అనిపించలేదు.

ఒకరోజు పోటు వేళకి ఎల్డ్రిడ్జ్ దుప్పటి తీసుకుని ఒంటరిగా పడవెక్కి గడ్డి వైపు వెళ్ళడం చూశాను. తర్వాత అతను నాతో మాట్లాడటం మానేశాడు.

నిన్న సాయంత్రం వాళ్ళింటి ముందు నుంచి వెళ్తున్నాను. వంటింటి తలుపు తీసే ఉంది. బల్ల మీద రెండు పళ్ళేలు.

"కాస్త ఉప్పు పడాలి," అంటోంది లోపల నా గొంతు.

నేను మెట్ల దగ్గర ఆగిపోయాను. లోపల మాట ఆగింది. తర్వాత మెల్లగా అంది...

"ఎల్డ్రిడ్జ్, అది మళ్ళీ వచ్చింది. తలుపెయ్."

అతను లేచొచ్చి, నా వైపు చూడకుండా గడియ పెట్టాడు.