ముక్కు దాటని లెక్క

మా ఓక్‌సాప్‌మిన్ లోయలో, ఒంట్లో ఒక్కో చోటు ఒక్కో అంకెగా సాగే ఒళ్లులెక్క చెప్పడంలో నన్ను మించినవాడు ఇంకా పుట్టలేదు. కుడి బొటనవేలి దగ్గర మొదలెట్టి, మణికట్టు, మోచెయ్యి, భుజం, చెవి, కన్ను మీదుగా ముక్కెక్కి, అవతలి పక్కన దిగి, ఎడమ చిటికెనవేలు అందుకుని, లెక్క పూర్తయిందని పిడికిలెత్తి కేకేసేలోగా మీరు రెప్ప కూడా వెయ్యలేరు. అంతటి మొనగాణ్ణి గనక తామిన్ ఇంటి సంగతి నేనే చెప్పాలి.

ఆ పొద్దున మంచు ఇంకా విడలేదు. తామిన్ కూతురు కెజియా నిప్పుల్లో చిలగడదుంపలు తిరగేస్తోంది. మనవరాలు రోడా తాత ఒళ్లో కూర్చుంది.

"ఎన్ని దుంపలే?" అన్నాడు తామిన్.

రోడా వేళ్లన్నీ దాటి ఆగింది. "మణికట్టు!"

"ఈ పొట్టకి మణికట్టు ఏ మూలకే? భుజం దాకా కాల్చమను మీ అమ్మని."

రోడా పకపకా నవ్వింది. కెజియా నవ్వలేదు. నిన్న బడిలో పంతులు కూడిక అడిగితే రోడా చెవి పట్టుకుని చూపించిందట. తరగతంతా గొల్లుమందట. కెజియా గోడకున్న అల్లిక సంచి తీసి, కూతురి రెండు చేతులూ అందులో దూర్చింది.

"ఇవాళ్టి నుంచి లెక్క చెప్పేటప్పుడు చేతులు ఇందులో ఉండాలి."

"అదేంటమ్మా, పిల్ల చేతులు మూటగడతావా?"

"మరేం చెయ్యమంటావు నాన్నా? నీ లెక్క నేర్చుకునేగా నేను నవ్వులపాలై బడి మానేసింది! దీన్నీ నాలాగే దుంపలు తవ్వుకోమంటావా?"

తామిన్ మనవరాల్ని ఒళ్లోంచి దింపాడు. "నేను నేర్పింది గుర్తుందా నీకు?"

"ఎప్పుడో మరిచిపోయాను. ఒక్క ముక్క లేదు."

"మంచిదే," అని లేచాడు. తోటలో పందులు పడుతున్నాయని చెప్పి, కొండవాలు మీది తోట గుడిసెకి వెళ్లిపోయాడు.

దారిలో నాకు ఎదురయ్యాడు. ఇందాక గొప్పలు పోయాను గానీ, నిజానికి మోచెయ్యి దాటితే నాకు దారి తప్పుతుంది. ఎప్పుడూ దిద్దేవాడు తామినే. ఆ రోజు వేళాకోళానికి కావాలనే తప్పు చెప్పినా దిద్దలేదు, తలవంచుకుని వెళ్లిపోయాడు.

కోపం చల్లారితే దిగొస్తాడులే అనుకుంది కెజియా. వానలు మొదలయ్యాయి. ఆయన దిగిరాలేదు. ఒక ఉదయం తిండి పట్టుకుని వెళ్లేసరికి ఆరిన పొయ్యి పక్కన పడి ఉన్నాడు. ఎడమ పక్కంతా చచ్చుబడిపోయింది. డోలీ కట్టి నలుగురు మోసుకొచ్చారు. "ఎంతసేపు అలా పడున్నాడో," అన్నాడు మందులాయన. అంతే అన్నాడు. కెజియాకి ఆ మాటే చాలింది.

ఇంట్లో తామిన్ నోరు విప్పడం మానేశాడు. కూతురు తినిపించబోతే మొహం తిప్పుకునేవాడు. ఒకరోజు మూలన కూర్చుని రోడా బడి లెక్కలు వల్లిస్తోంది, చేతులు సంచిలోనే. అది చూసి కెజియా గబుక్కున వచ్చి ఆ చేతులు బయటికి లాగింది.

"పో. తాతని లెక్కపెట్టు."

రోడా భయం భయంగా తాత కుడి బొటనవేలు ముట్టింది. తామిన్ పెదవులు కదిలాయి. ముద్దముద్దగా ఆ పేరు పలికాడు. చిటికెనవేలు, మణికట్టు, మోచెయ్యి... వేలు పడ్డచోటల్లా పేరు వచ్చింది. ముక్కు వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

"తాతా, చెప్పు! నా వేలు ఇక్కడుంది."

"ఎక్కడే?"

కెజియా పక్కన కూలబడింది. చచ్చుబడ్డ కంటి మీద కూతురి వేలు చూసి, "అవతలి కన్ను," అంది. "అవతలి చెవి. అవతలి మెడ." ఒక్కటీ తప్పకుండా భుజం దిగింది, మోచెయ్యి దిగింది.

"మరిచిపోయానన్నావుగా?" అన్నాడు తామిన్.

"అబద్ధమాడాను నాన్నా. నీ లెక్క మరిచిపోతే నిన్ను మరిచినట్టే కదా."

కెజియా తండ్రి ఎడమ చిటికెనవేలు పట్టుకుని చివరి పేరు చెప్పింది. ఆ వేలు సన్నగా కదిలింది. రోడా పిడికిలెత్తి ఇల్లదిరేలా కేక పెట్టింది.

వేలు కదిలిందన్నది నేను కల్పించిందే. అది ఆ రోజూ కదల్లేదు, ఆ తర్వాతా కదల్లేదు. దాన్ని పట్టుకున్న కెజియా మాత్రం, పొయ్యిలో దుంపలు మాడిపోతున్నా, వదల్లేదు.