నీ కుడి, నా కుడి

"ఎడమ కన్ను నిక్షేపంగా ఉంది. దెబ్బంతా కుడి కంట్లోనే ఉంది," అంది పాథాలజిస్టు.

ప్రయోగం కోసం కుందేలు కంటికి లేజర్ కొట్టిన సర్జన్ నవ్వేశాడు. "నేను కొట్టింది ఎడమ కంట్లో. కుందేలు కళ్ళు మార్చుకుందా మేడమ్?"

"కుడి కంటి స్లైడ్లో రెటీనా పొరలు కాలి అతుక్కుపోయాయి. చూసిందే చెబుతున్నా."

"అయితే స్లైడ్లు తారుమారు చేసుంటారు, పెళ్ళి ధ్యాసలో పడి."

మీటింగ్ హాలంతా నవ్వింది. ఆ పెళ్ళి వాళ్ళిద్దరిదేనని అందరికీ తెలుసు. ఆదివారం అతను ఆమె ఇంటికి పెళ్ళి మాటలకి వెళ్ళాలి కూడా.

ఆమె నవ్వలేదు. డైరెక్టరు అక్కడికక్కడే ఆ స్లైడ్లు చూసే పని ఆమె నుంచి తీసేశారు.

కారిడార్లో అతను వెంటపడ్డాడు. "జోక్ చేశానే. మనకెప్పుడూ ఎడ్డెమంటే తెడ్డెమేగా."

"జోకు మీది డాక్టరుగారూ. పరువు నాది."

నువ్వు కాస్తా మీరు అయింది.

ఆదివారం ఆమె నాన్న తలుపు తీశాడు. "ఒంట్లో బాగాలేదని చెప్పమంది బాబూ. నాకు అబద్ధాలు రావు. నిన్ను చూడనంటోంది."

ఆ వారంలోనే ఇంకో కుందేలు. మైక్రోస్కోపు ముందు కూర్చున్న సర్జన్ చెయ్యి ఆగిపోయింది.

మనుషుల ఆపరేషన్లో అతను వెల్లకిలా పడుకున్న రోగి తలవైపు కూర్చుంటాడు. రోగి ఎడమే తన ఎడమ. ఈ బల్లమీద కుందేలు బోర్లా, ముక్కు తనవైపు పెట్టి ఉంది. తన ఎడమ, దాని కుడి.

పోయినసారీ అంతే.

అదే హాల్లో, అందరిముందూ, తప్పు తనదేనని చెప్పాడు. డైరెక్టరు పని తిరిగి ఇస్తానన్నారు. అప్పటికే ఆమె వేరే ఊళ్ళో ఉద్యోగం ఒప్పేసుకుంది.

ఆమె ఎక్కిన రైలు కిటికీ పక్కన, ప్లాట్‌ఫారమ్మీద నిలబడి, "ఊడిన రెటీనాని పట్టి ఉంచేది లేజర్ కాల్చిన మచ్చేగా," అన్నాడు.

"పైపైన పడితే. లోతుగా దిగితే ఆ చోట చూపు తిరిగి రాదు."

"ఇదెంత లోతు?"

"చూడకుండా చెప్పడం మీ అలవాటు. నాది కాదు." నెమ్మదిగా అంది, "నన్ను నమ్మకపోయినా బాధపడేదాన్ని కాదు. ఇద్దరం మళ్ళీ చూద్దాం రా అనుంటే చాలు."

అంత చిన్న మాట. ఆ రోజు నోటికి రాలేదు. ఇప్పుడు నోటినిండా అదే ఉంది, ఎందుకూ కొరగాకుండా.

రైలు కదిలింది. ఆమె కుడి చెయ్యి ఊపింది. ఎదురుగా ఉన్న అతను, అద్దంలో బొమ్మలా, ఎడమ చెయ్యి ఎత్తాడు.

"అది కాదు. నీ కుడి," అంది.

గబుక్కున చెయ్యి మార్చాడు. రైలు మలుపు తిరిగి కనుమరుగయ్యాక గానీ తట్టలేదు అతనికి, ఆమె 'మీ' అనలేదని.

ఎత్తిన చెయ్యి దించలేదు.