స్టీరింగ్ బాబాయ్ అభిప్రాయాలు

పొద్దున్న ఆరున్నరకి ఆ ఇంట్లో మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. అమ్మ వంటింట్లో క్యారేజీ సర్దుతుంది, నాన్న హాల్లో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటాడు, కూతురు నాన్న రాసిచ్చిన కాగితాన్ని టైపు చేస్తుంది.

నాన్న సిటీ బస్సు డ్రైవరు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య దొరికే అరగంటలో తోటి డ్రైవర్లు కునుకు తీస్తుంటే, ఈయన అరచేతుల్లో ఇమిడే గేమ్ పెట్టె తీసి ఆడుకుంటాడు. ఆడి ఊరుకునే మనిషి కాదు. ఏ గేమ్ ఎలా ఉందో పాత ట్రిప్ షీట్ల వెనక రాసి, పదికి మార్కులు కూడా వేస్తాడు. కూతురు వాటిని ఒక వెబ్‌సైట్లో ‘స్టీరింగ్ బాబాయ్’ పేరుతో పెడుతుంది. బాబాయ్‌కి మొహమాటం లేదు. ‘ఈ కారుకి బ్రేకు ఉంది గానీ బుద్ధి లేదు’ అని రాస్తే జనం పడిపడి నవ్వుకున్నారు.

ఇవాళ్టి కాగితం పడవ గేమ్ గురించి. ‘శుద్ధ మోసం. ఎడమ పక్క నుంచి రాళ్లు చెప్పాపెట్టకుండా వచ్చి పడతాయి. రెండు మార్కులు.’

టైపు చేస్తున్న వేళ్లు ఆగాయి. ఈ మాట మొన్న కూడా కొట్టినట్టు గుర్తు. ఆమె పాతవి తీసి చూసింది. రేసు గేమ్: ‘ఎడమ గోడ ఉన్నట్టుండి మీదికొస్తోంది.’ కోతి గేమ్: ‘ఎడమ నుంచి దొంగదెబ్బ తీస్తున్నారు.’ నెలన్నరలో ఏడు గేములు, ఏడింటికీ అదే తిట్టు. అంతకుముందు నలభై గేముల గురించి రాస్తే ఒక్కదానిలోనూ లేదు.

బల్లమీదున్న గేమ్ పెట్టె తీసి పడవని కాసేపు నడిపి చూసింది. రాళ్లు రెండు పక్కల నుంచీ ఒక్కలాగే వస్తున్నాయి. ఇంకో అరగంటలో ఆయన యాభైమందిని ఎక్కించుకుని రోడ్డెక్కుతాడు.

“నాన్నా, ఇవాళ డ్యూటీకి వెళ్లకు.”

“ఏం, బస్సు నువ్వు తోల్తావా?”

“నవ్వులాట కాదు. నీకు ఎడమ పక్క కనబడ్డం లేదు.”

ఆయన తలెత్తాడు. “ఎవరన్నారు?”

“నువ్వే రాశావు. ఏడుసార్లు.”

“ఓసి పిచ్చిదానా! అది ఆ గేములు చేసినవాళ్ల తొండి.”

“ఏడుగురూ కూడబలుక్కుని ఎడమ పక్కే తొండి చేశారా?”

“పొద్దున్నే ఆ బొమ్మాటల గోలేంటే?” వంటింట్లోంచి అమ్మ కేకేసింది. “ఆయనకి టైమవుతోంది!”

నాన్న విసురుగా లేచాడు. మొహం ఎర్రబడింది. “ముప్ఫై ఏళ్లయింది స్టీరింగ్ పట్టి. బండికి ఒక్క గీత పడలేదు. నిరుడు కంటి పరీక్షలో అక్షరాలన్నీ గడగడా చదివాను. అరచెయ్యంత బొమ్మ చూసి నా కళ్లకి మార్కులేస్తావా? తప్పుకో!”

ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక ఆయనకి ఎదురు చెప్పింది లేదు. తను చెప్పేది తప్పయితే ఎంత బాగుండునని ఆమె మనసులో వెయ్యిసార్లు అనుకుంది.

“ఒక్క నిమిషం. నాదే తప్పయితే వెళ్లిపో, మళ్లీ మాట్లాడను.” తోట గేమ్ తెరిచి బొమ్మ కదలకుండా ఆపి, ఆయన చేతికిచ్చింది. “మధ్యలో బావి ఉంది కదా, దాని మీంచి చూపు తిప్పకు. కుండీలెన్ని?”

“నాలుగు.”

“ఇప్పుడు కళ్లు ఎడమకి తిప్పు.”

ఆయన పెదవులు నెమ్మదిగా కదిలాయి. ఐదు. ఆరు. ఏడు.

మళ్లీ బావిని చూశాడు. మళ్లీ పక్కకి చూశాడు. కోపం ఎటు పోయిందో, మనిషి కుర్చీలో కూలబడ్డాడు.

“నిన్న స్కూలు స్టాపులో…” ఆయన గేమ్ పెట్టెని బల్లమీద పెట్టేశాడు. “ఎడమ పక్కన ఎవరూ లేరనే బండి కదిపాను. కండక్టరు గట్టిగా అరిచాడు. ఊరికే కంగారుపడుతున్నాడని వాణ్ణే తిట్టాను.”

“ఎవరికీ ఏం కాలేదుగా నాన్నా?”

“కాలేదు. అది నా గొప్ప కాదు తల్లీ.”

ఆయనే డిపోకి ఫోన్ చేశాడు. “సార్, నాకు ఎడమ పక్క చూపు ఆనట్లేదు. ఇవాళ బండి తియ్యను. డాక్టరు సరేననేదాకా, నేను బతిమాలినా సరే, నాకు బండి ఇవ్వకండి.” ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయన నోట అలాంటి మాట రావడం అదే మొదలు. ఫోన్ పెట్టేసి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

కూతురు ఆయన మోకాళ్ల దగ్గర కూర్చుంది. ఏడుపు ఆగలేదు. “అంత మాటన్నాను, కోపం పెట్టుకోకు నాన్నా. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్దాం, ఆలస్యం చెయ్యకూడదు.”

“కోపమా? ఎవరి ఉసురో తగలకుండా కాపాడావు.” ఆయన ఆమె తల నిమిరాడు. కళ్లు తుడుచుకుని ఎదురుగా వంటింటి గుమ్మం వైపు చూశాడు. “మీ అమ్మని పిలువు. ఈ సంగతి నేనే మెల్లిగా చెప్తాను. లేకపోతే బెంబేలెత్తిపోతుంది.”

పిలవాల్సిన పని లేదు. అమ్మ వచ్చి అప్పటికే చాలాసేపయింది. చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా, ఆయన ఎడమ పక్కనే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.