పాటకు ముందు వచ్చింది

కుందుర్పికి పోయే దారిలో, రాళ్ళగుట్ట కింద, ఊరికి కొంచెం ఎడంగా ఉంటుంది జయరాం ఇల్లు. ఆ ఇంట్లో మురిపెంగా చూసుకునే వస్తువు ఒకటే, నల్లడబ్బాల పాటల సెట్టు. పెద్ద డబ్బా గోడవారగా, చిన్నవి రెండూ గూట్లో. క్యాసెట్లు, సీడీలు అన్నీ మూలపడి, బొటనవేలంత పెన్‌డ్రైవ్‌లో జయరాం పాటలన్నీ ఒదిగిపోయినాయి. కుందుర్పిలో మొబైల్ అంగడి బాబావలి ఎక్కించి ఇచ్చినాడు.

"అన్నీ ప్రేమపాటలేనా జయరామన్నా! ఇంక వదిన సంగటి కెలికినట్టే!" అని ఎగతాళి కూడా చేసినాడు.

సెట్టు స్విచ్చి ఎప్పుడూ వేసే ఉంటుంది. కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? వస్తే చాలు, సెట్టు దానంతటదే మొదటి పాట ఎత్తుకుంటుంది. అది విని జయరాం తువ్వాలు భుజాన వేసుకుని మోటారు వేయడానికి చేనికి పరుగెత్తుతాడు. ఆ మొదటి పాట చౌడేశ్వరికి ప్రాణం. పెళ్ళైన కొత్తలో మొగుణ్ణి బతిమాలి ముందర పెట్టించుకుంది.

ఒక సాయంత్రం ఆ పాట వచ్చింది. జయరాం పోయినాడు. స్టార్టరు డబ్బా షాకు కొట్టింది. ఇంట్లో చౌడేశ్వరి సంగటి ముద్దలు చేస్తా పాటతో గొంతు కలుపుతానే ఉంది. పాట అయిపోయింది. దాని వెనకది కూడా అయిపోయింది. ఆయన రాలేదు.

ఆయన్ను మట్టి చేసిన రోజే అత్త ఓబమ్మ గడపకు ఇనుపమేకులు కొట్టించింది. అర్ధాయుష్షుతో పోయినోళ్ళు మళ్ళీ ఇల్లు తొక్కకుండా అట్లా కొట్టిస్తారు.

"అత్తా, నీ కడుపున పుట్టినోడే కదా!" అని చౌడేశ్వరి అడ్డం పడింది.

"పుట్టినోడు గాబట్టే," అని ఓబమ్మ మొగం తిప్పుకుంది.

పాటల జోలికి మాత్రం చౌడేశ్వరి ఎవర్నీ రానీలేదు. రోజూ పొద్దు గుంకే వేళకు సెట్టు ముందర కూర్చుంటుంది. ఏ వేళకో కరెంటు వస్తుంది. పాట వస్తుంది. ఆ పాట ఉన్నంతసేపూ ఆయన చేనికి పోయినట్టే, ఇంకాసేపటికి వస్తాడన్నట్టే ఉంటుంది ఆమెకు. పాట అయిపోతే మళ్ళీ ముండమోసినట్టే ఏడుస్తుంది.

ఒకనాడు బల్బు వెలిగింది గానీ పాట రాలేదు. దానికి ముందు ఇంకేదో వచ్చింది. మోటారు తిరిగే రొద. గొట్టంలోంచి నీళ్ళు దబదబా పడే చప్పుడు. చౌడేశ్వరి సెట్టుకు దగ్గరగా జరిగింది. ఆయన పోయినాక వాళ్ళ బోరు ఎండిపోయి ఎండాకాలమంతా గడిచిపోయింది మరి! నీళ్ళ చప్పుడు ఆగింది. తడికాళ్ళతో ఎవరో నడుస్తున్నారు... అంతే. తర్వాత పాట మామూలుగా మొదలైంది.

మర్నాడు పాటకు ముందు ఆ అడుగులు ఎండిన వంకలో ఇసుక మీద పడుతున్నాయి. ఆ మర్నాడు ఇంటి కంచెకు అడ్డం పెట్టిన ముళ్ళకంప జరిపిన చప్పుడు.

చౌడేశ్వరి పెన్‌డ్రైవ్ పీకి కొంగున ముడేసుకుని బాబావలి దగ్గరికి పోయింది. అతను కంప్యూటర్లో పెట్టి చూసినాడు.

"కొత్తవేమీ లేవు వదినా. అన్న ఎక్కించుకున్నవే ఉండాయి."

"బాగా చూడు అబ్బోడా. ఆయన నడిచొస్తాండాడు దీంట్లో."

బాబావలి ఎప్పటి మాదిరి నవ్వలేదు. మెల్లగా దాన్ని ఆమె చేతిలో పెట్టి, "కొన్నాళ్ళు ఆపేయి వదినా ఆ సెట్టును. నీ ఆరోగ్గెం చూసుకో," అన్నాడు.

ఆపేస్తుందా? ఎదురుచూసే మనిషికి అడుగుల చప్పుడు కంటే తీయని పాట ఉంటుందా?

ఆ సాయంత్రం అడుగులు వాకిట్లోకి వచ్చినాయి. గడప దగ్గర ఆగినాయి. ఊపిరి తీస్తున్న చప్పుడు. ఇంటి లోపల్నించి సన్నగా ఒక ఏడుపు... అది తన ఏడుపే. బయట నిలబడి విన్నట్టు వినపడింది. తర్వాత గోళ్ళతో గడపను గీకినట్టు... గీకి గీకి, వెనక్కి పోయినట్టు.

"మేకుల కాడ నిలబడిపోతాండాడు అత్తా!" చౌడేశ్వరి ఓబమ్మ చేతులు పట్టుకుంది. "ఒక్కసారి చూసుకుంటా. ఒకే ఒక్కసారి."

"వద్దు తల్లీ..." ఓబమ్మ గుసగుసగా అంది. "కన్నదాన్ని. నాకు మాత్రం చూడాలని ఉండదా? వద్దు."

మర్నాడు ఓబమ్మ మేకలకు ఆకు తెచ్చేదానికి పోయినప్పుడు, చౌడేశ్వరి పట్టకారుతో మేకులన్నీ పీకేసింది. అరచేయి చీరుకుపోయింది. తల దువ్వుకుంది. ఆయనకిష్టమైన పచ్చకోక కట్టుకుంది. ఓబమ్మ తిరిగొచ్చి గడపను చూసి అక్కడే కూలబడింది.

పొద్దు గుంకింది. కరెంటు వచ్చింది.

అడుగులు... వాకిట్లో. గడప మీద. గడప దాటి... లోపలికి.

డబ్బాలోంచి నులకమంచం కిర్రుమన్న చప్పుడు.

చౌడేశ్వరి తలతిప్పి చూసింది. మూలనున్న మంచం నులక, ఎవరో కూర్చున్నట్టు కిందికి దిగి ఉంది.

"వచ్చినావా..." అంది. కళ్ళనిండా నీళ్ళు. చేయి చాపింది.

మంచం దిక్కునుంచి చల్లగా, చాన్నాళ్ళు మూసిపెట్టిన బాయి వాసన.

పాట మొదలవ్వాలి. మొదలవ్వలేదు. డబ్బాలో మళ్ళీ నీళ్ళ చప్పుడు. ఎక్కడో దూరాన... ఆ చప్పుడు మధ్య ఒక గొంతు. జయరాం గొంతు!

"చౌడీ... నేనీడనే ఉండా. యాడికీ రాల్యా. నువ్వు దినామూ ఏడ్చేది నాకు ఇనపడతాండాది..."

చౌడేశ్వరి రెండు చేతులతో డబ్బాను కావలించుకుంది. బుగ్గ దానికి ఆనించింది.

"ఏడవగాకు చౌడీ... నీ ఏడుపు దానిక్కూడా ఇనపడింది."

కరెంటు పోయింది.

ఇల్లంతా చీకటి. చౌడేశ్వరి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు బయటికి రాకూడదు. ఊపిరి కూడా రాకూడదు...

మంచం కిర్రుమంది.

"అత్తా... ఈడికి రా. బయమేస్తాండాది."

అచ్చంగా చౌడేశ్వరి గొంతే. మంచం మీదనుంచి.

"వస్తాండా తల్లీ, కదలగాకు," అంటూ గడప కాడనుంచి ఓబమ్మ లేచి, చీకట్లో తడుముకుంటూ ఆ మంచం దిక్కు నడిచింది.