బయటి గడియ

రంగనాయకి వాకిట్లో ఎనిమిది రేకుల తామర ముగ్గు వేస్తోంది. ఆరు రేకులయ్యేసరికి లోపలినుంచి దేవనాథన్ పిలిచాడు. తిరుమల కొండమీద దేవస్థానం ఆఫీసులో గుమస్తా ఆయన. ఏడింటి బస్సు తప్పితే లోకం మునిగిపోతుందనుకునే మనిషి, ఈవేళ చొక్కా కూడా వేసుకోకుండా ఒక కాగితం ముందేసుకుని కూర్చున్నాడు.

"సంతకం పెట్టు రంగా. ప్రిన్సిపాలుకి ఇయ్యాల."

రంగనాయకి చదివింది. హాస్టల్ డే జరిగిన శుక్రవారం తమ కొడుకు రామచంద్ర తాతగారి తద్దినానికి ఇంటికొచ్చాడనీ, మర్నాటిదాకా ఇల్లు కదల్లేదనీ ఉంది.

ఆ శుక్రవారం సంగతి తిరుపతిలో తెలియనివాళ్లు లేరు. ఫంక్షన్లో పాట పాడడానికి వెళ్లిన పంకజాక్షిని హాస్టల్ సీనియర్లు గదిలోకి లాక్కెళ్లి బలాత్కారం చేశారు. ఆ పిల్ల భయపడకుండా నలుగురి పేర్లు రాసిచ్చింది. హాస్టల్లోని అరవైమందీ ఏమీ జరగలేదని ఒకే మాట మీద నిలబడ్డారు. నాలుగో పేరు, ఊళ్లోనే ఇల్లున్నా హాస్టల్లో ఉండి చదువుకుంటున్న రామచంద్రది. నా బిడ్డ అట్లాంటోడు కాదని రంగనాయకి పదిరోజులుగా వీధిలో అందరితో పోట్లాడుతోంది. పాపం, నిజంగానే నమ్మింది.

ఇప్పుడామె కాగితం మళ్లీ చదివింది. ఏ తప్పూ చేయనివాడికి ఈ కాగితం దేనికి?

"రామూ! ఆ రోజు యాడ ఉన్నావు?"

స్తంభం పక్కన నిలబడ్డ రామచంద్ర తలెత్తలేదు. "నేనేం చేయలేదమ్మా. గది బయట నిలబడినాను, అంతే."

"ఆ పిల్ల అరిసిందా?"

"...అరిసింది."

"గడియ ఎవరు పెట్టినారు?"

"పెట్టమన్నారు. పెట్టినాను."

"తీసేదానికి నీకు చేతులు లేవా?"

"మా బ్యాచంతా ఒకే మాట అనుకున్నామమ్మా. నేనొక్కణ్ణి తప్పితే ద్రోహి అంటారు."

దేవనాథన్ విసుక్కున్నాడు. "మగపిల్లోడి బతుకు నాశనం చేస్తావా? ఆ పిల్ల తండ్రి చిత్తూరు మామిడి మండీలో కాటా వేసేవాడు. పెద్దమనుషులు మాట్లాడుకుంటారులే. పెట్టు సంతకం."

"శుక్రవారం ఇదే వాకిట్లో ఇదే ముగ్గు వేసినానండీ. తద్దినం పెట్టే ఇంటిముందర ముగ్గు ఉంటుందా? వీధంతా చూసింది."

దేవనాథన్ నోరు తెరిచేలోపల, మూల కూర్చుని జపం చేసుకుంటున్న అతని తల్లి కుముదవల్లి మాల పక్కన పెట్టింది.

"రే దేవనాథా! మీ నాయన తిథి బుధవారం వచ్చింది. నా మొగుడు చచ్చిపోయిన దినాన్ని నీ కొడుకు కోసం మార్చేదానికి నువ్వెవడివిరా?"

అత్తగారు తన పక్కన నిలబడడం ఇరవై రెండేళ్ల కాపురంలో రంగనాయకి చూడడం అదే మొదలు. ఆమె కాగితాన్ని అడ్డంగా చించి మొగుడి ముందే పెట్టింది.

"పద రామూ, కాలేజీకి."

"జైల్లో పెడతారమ్మా!" వాడు ఏడ్చేశాడు.

"పెడితే వారంవారం వచ్చి చూస్తాను. అబద్ధం చెప్పి ఈ ఇంట్లో ఉంటే మాత్రం నీ మొహం చూడలేను."

సగం ముగ్గు దాటి తల్లీకొడుకులు నడిచారు. వీధి మలుపులో వెనక చెప్పుల చప్పుడైంది. దేవనాథన్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వస్తున్నాడు. కొడుకు పక్కన కలిసి నడిచాడు.

ప్రిన్సిపాలు గది ముందు బెంచీమీద పంకజాక్షి, వాళ్లమ్మ సంతోషమ్మ కూర్చుని ఉన్నారు. పదిరోజులుగా అక్కడే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. రామచంద్ర వాళ్లను దాటి లోపలికెళ్లి, బయటికి వినబడేంత గట్టిగా చెప్పాడు.

"బయట గడియ పెట్టింది నేనే సార్. ఆ అమ్మాయి అరిసింది, విన్నాను. లోపల ముగ్గురున్నారు, పేర్లు చెబుతాను."

రంగనాయకి కళ్లు తుడుచుకుంటూ పంకజాక్షి వైపు చూసింది. పంకజాక్షి ఆమె కన్నీళ్ల కోసం ఆగలేదు. లేచి, తిన్నగా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇదే మాట నేను చెప్పినప్పుడు మీరు రాసుకోలేదు సార్. ఇప్పుడన్నా రాసుకోండి. ముందు నా మాట."

ప్రిన్సిపాలు తడబడుతూ కలం మూత తీశాడు.