చెప్పింది వేదవల్లి

వేదవల్లి ఇడ్లీ పాత్ర మూత తీసేసరికి ముందుగదిలోంచి ఆమె మాటలే ఆమెకు వినిపించాయి. మాటలు ఆమెవి, గొంతు మాత్రం మొగుడిది.

"ఈ పడంలో హీరో కంటే హీరో సైకిలే బాగా నటించింది," ఒక పాత సినిమా గురించి అంటున్నాడు చిన్నసామి, కోడలు పట్టుకున్న ఫోను ముందు నిటారుగా కూర్చుని. "ఆ సైకిల్ పోయినాక ఇంక చూసేదానికి ఏముండాది? లేచిపోయి తలకి నూనె పెట్టుకోవచ్చు."

కోడలు జయప్రియకు నవ్వాగలేదు. "మామా, ఇంత బుర్ర మీకు ఎక్కడినుంచి వచ్చింది?"

"అనుభవం," అన్నాడు చిన్నసామి. చేతిలో ఉన్న చీటీ చివరి వరుసను మాత్రం బొటనవేలితో గట్టిగా నొక్కిపట్టి, దాన్ని మళ్లీ డిస్కు డబ్బాలో పెట్టేశాడు.

వంటింట్లో వేదవల్లి ఆ 'అనుభవం' దగ్గర ఒక ఇడ్లీని రెండు ముక్కలు చేసింది.

చిన్నసామి రాజపాళయంలో ఒక నూలు మిల్లులో మేస్త్రీగా చేసి రిటైరైనవాడు. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి సినిమాలు. ముందుగదిలో అద్దాల బీరువా నిండా మూడువందల నలభై సినిమాలున్నాయి. పాత క్యాసెట్లన్నీ కొడుకు ప్రభాకరన్ డిస్కుల్లోకి మార్పించి పెట్టాడు. ఒక్కో డబ్బాలో ఒక్కో చీటీ. నూలు కోన్లకు అంటించగా మిగిలిన లేబుళ్ల వెనక, పెన్సిల్‌తో రాసిన సినిమా అభిప్రాయం అది. తెలుగు మాటలే, రాసింది అరవ అక్షరాల్లో. బడిలో నేర్పింది ఆ అక్షరాలే కాబట్టి ఆ ఊళ్లో చాలా ఇళ్లల్లో తెలుగు అట్లాగే కాగితమెక్కుతుంది.

నాలుగు నెలల కిందట జయప్రియ సరదాగా ఒక చీటీని మామగారి చేత చదివించి, వీడియో తీసి ఫోనులో పెట్టింది. అది ఊరంతా తిరిగింది. ఇప్పుడు తళవాయిపురం బస్సు కండక్టరు కూడా చిన్నసామిని గుర్తుపట్టి, కొత్తగా వచ్చిన సినిమాకు పోవచ్చా వద్దా అని అడుగుతున్నాడు.

అసలు సంగతి ఇంట్లో ఇద్దరికే తెలుసు. మిల్లు యంత్రాల హోరులో రెప్ప వాల్చని ఆ మనిషికి టీవీ ముందు కూర్చుంటే రెండో పాట దాటేది కాదు. గురక మొదలయ్యేది. వేదవల్లి మాత్రం చివరి అక్షరం పడేదాకా చూసేది. మర్నాడు మిల్లు టీ కొట్టు దగ్గర మేస్త్రీగారి అభిప్రాయం ఏమిటని నలుగురూ అడుగుతారు కదా. అందుకని తెల్లారగానే వంటింటి గుమ్మంలో నిలబడి "ఎట్లుంది పడం?" అనేవాడు. ఆమె కూరలు తరుగుతూ, తాళింపు వేస్తూ చెప్పేది. ఆయన ఒక్క మాట పొల్లుపోకుండా రాసుకుని పోయేవాడు.

మొదట్లో ఆమెకు అది ముద్దుగానే ఉండేది. తన మాట తను ఎన్నడూ అడుగుపెట్టని టీ కొట్టుదాకా పోయి అక్కడి మగవాళ్లను నవ్విస్తోందంటే గర్వపడింది కూడా. ఇప్పుడు అట్లా లేదు. సొంత ఇంట్లో, పది అడుగుల దూరంలో, సొంత కోడలే "మామకు ఎంత బుర్ర!" అంటుంటే చేతిలో గరిటె చప్పుడు పెరుగుతోంది.

ఆ రోజే ఊరి లైబ్రరీ నూలగం నుంచి పొన్‌రాజ్ వచ్చాడు. అక్కడి చదువరుల సంఘానికి ఆయనే పెద్ద. ఆదివారం పొద్దున పదకొండింటికి కల్యాణ మండపంలో విళా, అదే సభ, పెట్టామని, చిన్నసామికి పొన్నాడై శాలువ కప్పి సన్మానం చేస్తామని, చీటీలన్నీ జనం చూసేటట్టు బల్లమీద పెడతామని చెప్పి ఆహ్వాన పత్రిక ఇచ్చాడు. 'సినిమా రసికులు చిన్నసామి' అని పెద్ద అక్షరాల్లో అచ్చేసి ఉంది. పొన్‌రాజ్ అటు వెళ్లగానే చిన్నసామి ఇటు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"వేదవల్లీ, జనం కేళ్వి అడుగుతారంట. ఆ అన్నదమ్ముల పడం ఉండాదే, చీటీలో కథ లేదు. దాని చివర ఏమవుతుంది? ఒక్క మాట చెప్పు."

వేదవల్లి స్టౌ ఆపింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"చెప్తాను. మండపంలో అందరి ముందర నా పేరు చెప్తారా?"

చిన్నసామికి అర్థం కాలేదు. "నీ పేరా? ఎందుకు?"

"మాటలు నావి కాబట్టి."

"ఇంట్లో మాట్లాడుకున్నది అక్కడ ఎందుకు? పత్రికలో నా పేరు వేసినారు. ఇప్పుడు పోయి నాది కాదు అంటే నవ్వుతారు."

"సరి. అట్లయితే ఇంక నా నోట పడం మాట రాదు. మీ అనుభవంలోనుంచే తీసి చెప్పుకోండి."

అన్నంత పనీ చేసింది. మూడు రోజులు ఆయన గుమ్మంలో నిలబడ్డప్పుడల్లా చట్నీలో ఉప్పు గురించి, నీళ్ల కొళాయి గురించి మాట్లాడింది. సినిమా ఊసెత్తితే మిక్సీ వేసింది. ఆయనేమో ఆ డిస్కు పెట్టుకుని రెండుసార్లు చూడబోయాడు. రెండుసార్లూ రెండో పాటకే నిద్రపోయాడు.

శనివారం పొద్దున జయప్రియ విళా కోసం చీటీలు బయటికి తీసి ఒక్కోటీ దుమ్ము తుడుస్తోంది. ఆమె పుట్టినూరు సత్రపట్టి. గాయాలకు కట్టే బ్యాండేజీ గుడ్డ నేసే కంపెనీలో సూపర్‌వైజరు. ఎక్కడ ఒక్క పోగు తేడా ఉన్నా ఆమె కంటికి ఇట్టే దొరుకుతుంది.

"మామా, ఇదేంది? 'రెండో సగంలో హీరోయిన్‌కు పని లేదు. గడప దగ్గర అడ్డం నిలబడొద్దు, నూనె చిందుతుంది.'" ఇంకోటి తీసింది. "'ఆ విలన్ అంత మంచివాడు కథలో ఎవరూ లేరు. పాలు దించండి.' ఇందులో 'కొత్తిమీర తెమ్మంటే ఊరికే వచ్చినారు' అని ఉండాది. అన్నిటి చివరా వంటింటి మాటే! మీరెప్పుడు వంట చేసినారు మామా?"

చిన్నసామి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. జయప్రియ వంటింటి వైపు తిరిగి చూసింది. గుమ్మంలో అత్తగారు కదలకుండా నిలబడి ఉంది. ఆ ముఖం చూశాక ఇంక అడగాల్సింది ఏమీ మిగల్లేదు.

"అత్తా, ఇవన్నీ మీరు చెప్పినవా?"

"దస్తూరి నాది," అన్నాడు చిన్నసామి పేపరు వెనకనుంచి.

"మాట ఎవరిది మామా?"

పేపరు కింద పడింది. "అవును, ఆమె చెప్పింది! నేను రాసిపెట్టకుంటే గాలికి పోయేది కదా! ముప్పై ఏండ్లు దాచింది ఎవరు? లేబుళ్లు తెచ్చింది ఎవరు?"

"నేను చెప్పకుంటే మీరు రాసేది ఏముండాది?" వేదవల్లి గుమ్మం దాటి ముందుగదిలోకి వచ్చింది. "కోన్ నంబరా? దాచినారు, కాదనలేదు. దాచినవాళ్లు దాచినాను అని చెప్పాల. నాది అని చెప్పకూడదు. ఈ ఇంట్లో ఇన్నేండ్లు వండినాను, తోమినాను, అవి అందరివీ. ఈ చీటీల్లో ఉండే మాట ఒక్కటే నాది. అదీ లేకుండా చేసినారు కదా."

కండ్లనీళ్లు పెట్టుకోకూడదనుకుంది. పెట్టుకుంది. జయప్రియ వచ్చి అత్తగారి చెయ్యి పట్టుకుంది. "నాలుగు నెలలుగా వీడియో తీస్తా ఉండేది నేనే అత్తా. ఒక్కసారన్నా వంటింటి పక్క చూడలేదు. నాది కూడా తప్పే," అంది.

చిన్నసామి చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఆదివారం మండపం నిండిపోయింది. సన్మానాలు ఎప్పుడూ జరిగేటట్టే ముందు పొన్నాడై కప్పారు, ఫోటోలు తీశారు, తర్వాత మాటలు. వేదవల్లి రాననే అంది. జయప్రియ వదిలితే కదా! మూడో వరుసలో తన పక్కనే కూర్చోబెట్టుకుంది. వేదిక మీద జరీ శాలువలో చిన్నసామి బాగానే ఉన్నాడు కానీ మాటిమాటికీ నీళ్లు తాగుతున్నాడు.

ముందు వరుసలోంచి ఒక రిటైరైన టీచరమ్మ లేచింది. రాకూడదని ఆయన మొక్కుకున్న కష్టం ఆ టీచరమ్మ రూపంలోనే వచ్చింది.

"అయ్యా, బల్ల మీద పెట్టిన చీటీల్లో ఒకటి చదివినాను. అన్నదమ్ముల పడం. తరిమేసిన కోడలు చివర ఇంటికి తిరిగొచ్చి పొయ్యి ముట్టిస్తుంది కదా, ముట్టించకుండా ఉండాల్సింది అని రాసినారు. అట్లయితే ఆ కుటుంబం కలిసేది ఎట్ల? కండిప్పా మీరు చెప్పి తీరాల."

మండపం అంతా ఆయన వైపే చూస్తోంది. చిన్నసామి వేదవల్లి వైపు చూశాడు. ఆమె ఒళ్లో చేతులు బిగించి కూర్చుంది. పెదవి కదిపితే చాలు, చదివేసుకుంటాడు. ముప్పై ఏండ్ల అలవాటది. కదపలేదు.

పొన్‌రాజ్ ఆ చీటీ తెచ్చి ఆయన చేతికిచ్చాడు. చిన్నసామి కళ్లద్దాలు పెట్టుకుని, తన చేత్తో తాను రాసిన ఆ చీటీని మొదటిసారి నిదానంగా చదివాడు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. మైకు ముందుకు వచ్చాడు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. "ఆ పడం నేను రెండో పాట దాకానే చూసినాను. ఈ మూడువందల నలభైలో నేను చివరిదాకా చూసింది ఏడు. అవి కూడా పక్కన ఎవరో ఒకరు గిల్లినారు కాబట్టి."

జనం నవ్వారు. హాస్యమనుకున్నారు.

"హాస్యం కాదు. చీటీలో ఏముండాదో మొత్తం చదువుతాను." ఈసారి బొటనవేలు తీసేశాడు. "'తరిమేసిన ఆమెతో ఒక్కరు కూడా తప్పయిపోయింది అనలేదు. అందరూ ఏడుస్తా ఉండారు, అంతే. ఆమె నేరుగా పోయి పొయ్యి ముట్టించింది. ముట్టించకుండా ఉండాల్సింది. కుక్కర్ మూడు విజిల్ వేసింది, ఆపండి.'"

మండపంలో నవ్వులు పేలాయి. చిన్నసామి నవ్వలేదు.

"ఆ ఆపండి అన్నది నాకు చెప్పింది. నేను ఆపలేదు, రాస్తా నిలబడినాను. ఆ పొద్దు పప్పు మాడిపోయింది. ఈ చీటీలన్నీ నా భార్య వేదవల్లి మాటలు. ఆమె చెప్పింది, నేను రాసినాను. నావి అని ఊరంతా చెప్పుకున్నాను." ఆయన కళ్లద్దాలు తీశాడు. "తప్పయిపోయింది వేదవల్లీ. ఇందరి ముందర చెప్తా ఉండాను. తప్పయిపోయింది."

నవ్వులు ఆగిపోయాయి. తలలన్నీ మూడో వరుస వైపు తిరిగాయి. వేదవల్లి పెళ్లిలో తప్ప పదిమంది ముందు నిలబడి ఎరగదు. కానీ ఆ టీచరమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఈ లోకంలో తనొక్కదానికే తెలుసు. లేచింది. మెట్లెక్కింది. మైకు ఎత్తు ఎక్కువైతే చేత్తో కిందికి వంచుకుంది.

"టీచరమ్మా, ఆమె పొయ్యి ముట్టించకూడదంటే వాళ్లంతా పస్తులుండాలని కాదు," అంది. మొదటి మాట సన్నగా వచ్చింది. రెండో మాటకు గొంతు తెరుచుకుంది. "ముందర ఒకరన్నా వచ్చి నిన్ను తరిమింది తప్పు అనాల. ఆ మాట వినినాక ముట్టిస్తుందో, బయట కూర్చుని గాలి పీల్చుకుంటుందో, అది ఆమె ఇష్టం. ఆ పడం తీసినాయన ఆ ఒక్క మాట రాయడం మరిచిపోయినాడు. మా ఇంటాయన ఇప్పుడే చెప్పినాడు. కాబట్టి ఆ పడం కంటే మా ఇంటి కథ బాగుండాది!"

మండపం చప్పట్లతో మోగిపోయింది. టీచరమ్మ కూర్చోకుండా ఇంకో ప్రశ్న వేసింది. వెనకనుంచి ఒక కుర్రాడు తన అభిమాన హీరో సినిమాను వెనకేసుకొచ్చాడు. "నువ్వు చూసింది హీరోను నాయనా, నేను చూసింది కథను," అని వేదవల్లి వాడి నోరు మూయించింది. ఇంకొకాయన వాదించి ఓడిపోయాడు. అరగంట అనుకున్నది గంటన్నర సాగింది. అన్నానికి లేవమన్నా ఎవరూ లేవలేదు.

చివర్లో చిన్నసామి తన భుజం మీద శాలువ తీసి పొన్‌రాజ్ చేతికివ్వబోయాడు. ఆ ఊళ్లో ఆడవాళ్లకు పొన్నాడై ఆడవాళ్లే కప్పాలి. ఎవరు కప్పాలా అని పొన్‌రాజ్ వెతికేలోపే జయప్రియ వేదిక ఎక్కేసింది. అత్తగారి భుజాల చుట్టూ శాలువ కప్పి, జరీ అంచు సరిచేసి, చెవిలో "ఈ బుర్ర ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది అత్తా," అంది.

ఇంటికి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో చిన్నసామి అత్తాకోడళ్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. ఎదురుగా కూర్చున్న ముసలాయన ఆయన్ని చూసి, "వేదవల్లమ్మ వీట్టుకారరు మీరేనా?" అని అడిగాడు. వేదవల్లమ్మ ఇంటాయన అని పిలిపించుకోవడం ఆయనకు డెబ్భై రెండేండ్లలో ఇదే మొదటిసారి.

"నేనే," అన్నాడు గట్టిగా.

వారం తర్వాత వేదవల్లి అద్దాల బీరువా తెరిచింది. ప్రతి చీటీ కిందా కొత్త పెన్సిల్‌తో ఒక వరుస చేరి ఉంది. 'చెప్పింది వేదవల్లి. రాసింది చిన్నసామి.' మూడువందల నలభై చీటీల మీదా ఉంది. వంటింటి మాటల్ని ఒక్కటి కూడా చెరపలేదు.

కొత్తగా చేరిన చివరి డబ్బాలో ముందురోజు మధ్యాహ్నం చూసిన సినిమా తాలూకు చీటీ ఉంది. ముందుగదిలో కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఆమె చెప్పినవన్నీ అక్షరం పొల్లుపోకుండా రాసి ఉన్నాయి. వాటి కింద ఒక వరుస మాత్రం ఆమె చెప్పింది కాదు.

'కుక్కర్ మూడు విజిల్ వేసింది. నేనే పోయి ఆపినాను.'