రాహుకాలం దాటిన మీటింగు

సూళ్లూరుపేటలో డిటెక్టివ్ నరేంద్రబాబు ఆఫీసు మెట్లెక్కి వచ్చిన రోజారమణి కుర్చీలో కూలబడింది. అసిస్టెంటు ధనలక్ష్మి ఇచ్చిన మంచినీళ్లు సగం చీరమీదే ఒలికాయి.

"రొయ్యల కంపెనీలో మీటింగులు చూసేది నేనే సార్. మొన్న శుక్రవారం పదిన్నరకు విదేశీ పార్టీ రావాల. ఎవురో దాన్ని పన్నెండుకు మార్చినారు. మా అందరి ఫోన్లలో అదే పడింది, వాళ్లే చెప్పినారేమో అనుకున్నాం. వాళ్లు పాత టయానికే వచ్చి, పెద్దవాళ్లెవురూ లేరని ఎల్లిపోయినారు. ఆర్డరు పాయె. పోటీ కంపెనీకి నేనే అమ్ముడుపోయినానంటా! మా జాలర్ల కుప్పంలో వలలు వదిలి ఆపీసుకొచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే సార్."

"టైము మార్చే వీలు ఎవరికుంది?"

"నాకూ, ఓనరు జయరామయ్యగారికీ."

నరేంద్రబాబు కంపెనీకి వెళ్లి సర్వర్ రికార్డు తీయించాడు. మార్పు శుక్రవారం తెల్లవారాక ఓనరు సెల్లు నుంచే వచ్చింది. జయరామయ్య ఇంతెత్తున లేచాడు. "నా సెల్లు నా జేబులోనే ఉంటాది. దాని పాస్‌వర్డు ఈ పిల్లకు తెలుసు!"

"స్నానానికి వెళ్లినా జేబులోనేనా?" అన్నాడు నరేంద్రబాబు.

ఆ సాయంత్రం ఓనరు ఇంట్లోనే అందరూ కూడారు. కాఫీ తెచ్చిన ఆయన భార్య వెంకటశేషమ్మను నరేంద్రబాబు తాపీగా అడిగాడు. "శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా ఏముంటుందమ్మా?"

"రాహుకాలం," అందావిడ ఠక్కున. ధనలక్ష్మికి ఒళ్లు పులకరించింది.

"దొంగ లేడు, కుట్రా లేదు. దొరగారు స్నానంలో ఉండగా అమ్మగారు ఆయన సెల్లులో మీటింగు టైము జరిపారు. ఆ సెల్లు సర్వర్‌తో కలిసి ఉంది. అందుకే ఒకచోట దిద్దితే ఆఫీసంతా దిద్దుకుపోయింది. బయటి పార్టీకి మాత్రం కబురు అందలేదు."

"ఆయన ఒక్కడే ఆలస్యంగా బయల్దేరతాడనుకున్నా నాయనా!" వెంకటశేషమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

రోజారమణి ముఖంలోకి ప్రాణం వచ్చింది. అది ఎంతోసేపు నిలవలేదు.

"మా ఇంటి ఆడమనిషి పేరు బయటెట్టా పెడతామమ్మా? పార్టీకి నీ తప్పేనని రాసేసినా. అట్టే ఉండనీ," అన్నాడు జయరామయ్య.

"రికార్డు ఉంది," అన్నాడు నరేంద్రబాబు.

"సర్వరు నాది సార్. రేపటికి ఆ రికార్డు ఉండదు."

రోజారమణి డిటెక్టివ్ వైపు తిరిగింది. "మా నాయనకు ఏం చెప్పేది సార్?"

అన్నిటికీ తన డిటెక్టివ్ దగ్గర జవాబుంటుందని ధనలక్ష్మి ఇన్నాళ్లూ నమ్మింది. నరేంద్రబాబు తల వంచుకుని గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కున్నాడు.